శానిటోరియం గాలి నుంచి నరాల మాత్ర దాకా: పలమనేరు సీమ వైద్యచరిత్రలో ఒక అధ్యాయం

సముద్ర మట్టానికి దాదాపు 2,200 అడుగుల ఎత్తున, మైసూరు పీఠభూమి తూర్పు అంచు మీద ఉన్న పలమనేరుకు ఆరోగ్యస్థలమన్న పేరు పెద్ద ఆసుపత్రులు రాకముందే వచ్చింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా ఈ ఊరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఒక తాలూకా కేంద్రంగా ఉండేది. మొగిలి ఘాట్ కింద చిత్తూరు, వేలూరు, ఆర్కాటు మైదానాలు వేసవిలో ఉడికిపోతున్నప్పుడు, నీలగిరులకు దారి పడని ఆ రోజుల్లో, దొరలు చల్లగాలి కోసం ఈ ఎగువకు వచ్చి ఉండేవారని పాత గెజెటీర్లు నమోదు చేశాయి. గాలి మార్పే మందుగా చెల్లిన ఆ కాలానికీ, కీమోథెరపీ పూర్తయిన రోగి అరికాళ్ళ మంట తగ్గడానికి మానసిక కుంగుబాటు మాత్ర వేసుకునే ఈ కాలానికీ సంబంధమేమీ లేదనిపిస్తుంది. కానీ ఆ మాత్ర పుట్టుకను వెతుక్కుంటూ వెనక్కి వెళితే దారి క్షయ శానిటోరియంల గుండానే సాగుతుంది, దక్షిణ భారతంలో పేరెన్నికగన్న అలాంటి శానిటోరియం ఒకటి పుంగనూరు దాటితే వచ్చే మదనపల్లె పక్కనే వెలసింది. కుంగుబాటు మందును నరాల నొప్పికి ఎందుకు ఇస్తారన్న ప్రశ్నకు రద్దీగా ఉండే ఓపీలో వైద్యుడు చెప్పగలిగే జవాబు రెండు మాటల్లో ముగుస్తుంది. చరిత్ర చెప్పే జవాబు అంతకంటే నిండుగా ఉంటుంది, రోగి మనసులోని బిడియాన్ని పోగొట్టే శక్తి కూడా దానికి ఎక్కువ.

ఈ సీమకు ఆధునిక వైద్యం చాలావరకు మిషన్ల చేతుల మీదుగా వచ్చింది. 1853లో స్కడర్ సోదరులు నెలకొల్పిన అమెరికన్ ఆర్కాటు మిషన్‌కు పలమనేరు ఒక కేంద్రం. మతబోధకుల శిక్షణ కోసం ఆ మిషన్ 1880లలో మొదలుపెట్టిన విద్యాలయం తొలినాళ్ళలో ఇక్కడే నడిచి, తరువాత వేలూరుకు తరలింది. అదే కుటుంబంలో పుట్టిన డాక్టర్ ఐడా స్కడర్ 1900లో వేలూరులో ఒకే మంచంతో ఆరంభించిన వైద్యశాల, 1918లో మహిళల వైద్య పాఠశాలగా, ఆ పైన క్రిస్టియన్ మెడికల్ కాలేజీగా ఎదిగింది. పలమనేరు, గంగవరం, బైరెడ్డిపల్లె, వి.కోట పల్లెల్లో 'వేలూరు ఆసుపత్రి' అంటే ఇప్పటికీ అదే, పెద్ద జబ్బు అనగానే ఇంటి పెద్దల నోట ముందు వచ్చే పేరూ అదే.

మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరానిది మరో దారి. పలు క్రైస్తవ మిషన్లు ఏకమై స్థాపించిన యూనియన్ మిషన్ క్షయ శానిటోరియం 1915లో అక్కడ తెరుచుకుంది. డెన్మార్క్ దేశపు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దానికి రూపమిచ్చి చాలా ఏళ్ళు నడిపారు. శానిటోరియం అంటే క్షయరోగిని ఇంటికీ ఊరికీ దూరంగా, పొడిగాలి ఆడే ఎత్తైన చోట, నెలల తరబడి పడక విశ్రాంతిలో ఉంచి, పాలు, గుడ్లు, పుష్టికరమైన తిండి పెట్టి, శరీరం తన శక్తితో తానే రోగాన్ని ఎదుర్కొనేలా చూసే ఆసుపత్రి. క్షయ సూక్ష్మజీవిని నేరుగా చంపే మందు అప్పటికి ప్రపంచంలో ఎక్కడా లేదు కాబట్టి, గాలి, విశ్రాంతి, ఆహారం, అవసరమైన చోట ఛాతీలోకి గాలి ఎక్కించి జబ్బుపడిన ఊపిరితిత్తిని ముడుచుకునేలా చేసే చికిత్స తప్ప వైద్యుడి చేతిలో మరేమీ ఉండేది కాదు. రాయలసీమ ఎగువ భాగపు పొడి వాతావరణాన్ని ఏరికోరి ఆ చోటు ఎంచుకోవడంలో, ఒకప్పుడు పలమనేరుకు దొరలను రప్పించిన నమ్మకమే ఉంది.

ఆ నమ్మకాన్ని ఒక్కసారిగా పాతబరచినది ఐసోనియాజిడ్. ఈ పదార్థాన్ని 1912లోనే ప్రాగ్ నగరంలో ఇద్దరు రసాయన పరిశోధకులు తయారు చేసినా, క్షయ మీద అది ఎంత బలంగా పనిచేస్తుందో నలభై ఏళ్ళ దాకా ఎవరికీ తెలియలేదు. 1952లో మూడు మందుల సంస్థలు ఒకదానికొకటి సంబంధం లేకుండా ఆ సంగతిని బయటపెట్టాయి. న్యూయార్క్ నగరపు స్టేటెన్ ద్వీపంలో ఉన్న సీ వ్యూ క్షయ ఆసుపత్రిలో ఐసోనియాజిడ్‌నూ, దానికి దగ్గరి చుట్టమైన ఐప్రోనియాజిడ్‌నూ రోగుల మీద పరీక్షించినప్పుడు, బతుకు మీద ఆశ వదిలేసి మంచం పట్టినవారికి ఆకలి పుట్టింది, బరువు పెరిగింది, నడవాల్లో చిందులు వేశారని పత్రికలు రాసేటంత హుషారు వచ్చింది. ఐప్రోనియాజిడ్ తీసుకున్నవారిలో ఆ హుషారు మరీ ఎక్కువగా కనిపించింది, రోగం తగ్గిన సంతోషం ఒక్కటే దానికి కారణమని సరిపెట్టుకోవడం కష్టమైంది. నరకణాల మధ్య సందేశాలు మోసే సెరటోనిన్, నార్‌అడ్రినలిన్ వంటి పదార్థాలను శరీరం విరిచేసే ఒక ఎంజైమును ఈ మందు అడ్డుకుంటుందని అదే ఏడాది తేలింది. 1957లో మానసిక వైద్యుడు నేథన్ క్లైన్, ఆయన సహచరులు కుంగుబాటు రోగుల మీద ఐప్రోనియాజిడ్ ప్రభావాన్ని ప్రకటించడంతో, క్షయ వార్డులో పుట్టిన మందు మానసిక వైద్యంలో అడుగుపెట్టింది. కాలేయాన్ని దెబ్బతీస్తున్నందువల్ల కొన్నేళ్ళకే అది అమెరికా విపణి నుంచి తప్పుకున్నా, మందుతో కుంగుబాటును తగ్గించవచ్చన్న ఆలోచన మాత్రం నిలిచిపోయింది.

ఇంచుమించు అదే సమయంలో స్విట్జర్లాండ్‌లోని మ్యున్‌స్టర్‌లింగన్ ఆసుపత్రిలో రోలండ్ కూన్ అనే మానసిక వైద్యుడు ఇమిప్రమిన్ అనే మరో పదార్థం కుంగుబాటును తొలగిస్తుందని గమనించి 1957లో వెల్లడించాడు. దాని అణువులో మూడు వలయాలు వరుసగా అతుక్కుని ఉండటం వల్ల ఆ కుటుంబానికి ట్రైసైక్లిక్‌లనే పేరు స్థిరపడింది. ఆ కుటుంబంలో నేటికీ పల్లె మందుల షాపుల్లో దొరికే సభ్యుడు అమిట్రిప్టిలిన్, అది 1961లో అమెరికాలో అనుమతి పొందింది.

ఐసోనియాజిడ్ తెచ్చిన రెండో ఫలితం చేదుది. ప్రాణం నిలిపిన ఆ మందే కొందరి కాళ్ళూ చేతులను తిమ్మిరెక్కించింది, అరికాళ్ళు మండేలా చేసింది. శరీరంలోని బీ6 విటమిన్‌ను, అంటే పైరిడాక్సిన్‌ను, ఈ మందు పనికిరాకుండా చేయడమే అందుకు కారణమని 1954 నాటికి తెలిసింది. మెదడు, వెన్నుపాము నుంచి బయలుదేరి కాళ్ళూ చేతుల కొసల దాకా పోయే నరాలు దెబ్బతినడాన్ని వైద్యులు పెరిఫెరల్ న్యూరోపతి అంటారు. తిమ్మిరి, మంట, చీమలు పాకినట్టుండటం, సూదులు గుచ్చినట్టుండటం, చివరికి స్పర్శే తెలియకుండా మొద్దుబారిపోవడం దాని లక్షణాలు. ప్రాణం కాపాడే మందు నరాన్ని కాల్చడమన్న ఈ విచిత్రమైన బేరం క్యాన్సర్‌తో మొదలు కాలేదు, దక్షిణ భారతంలో అది క్షయతోనే మొదలైందని గుర్తుపెట్టుకోవలసి ఉంది.

ఆ బేరాన్ని శాస్త్రీయంగా తూచిన పని ఇక్కడికి ఎంతో దూరంలో జరగలేదు. భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం కలిసి 1956లో మద్రాసులో క్షయ కీమోథెరపీ కేంద్రాన్ని స్థాపించాయి. కీమోథెరపీ అంటే రసాయన మందుతో చేసే చికిత్స అనే అర్థంలో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిష్ 20వ శతాబ్ది తొలినాళ్ళలో వాడుకలోకి తెచ్చిన మాట. క్యాన్సర్‌తో దాని ముడి తరువాతి కాలంలో గట్టిపడింది. మద్రాసు పేదల ఇళ్ళలోనే మందులిచ్చి చేసిన చికిత్స, శానిటోరియంలో ఉంచి చేసిన చికిత్సకు తీసిపోదని ఆ కేంద్రం 1959లో నిరూపించడంతో ప్రపంచమంతటా శానిటోరియంల యుగం ముగింపుకు వచ్చింది. ఆరోగ్యవరం కూడా ఆ తరువాత సాధారణ ఆసుపత్రిగా మారింది. అదే కేంద్రం 1960లలో మరో ముఖ్యమైన విషయం తేల్చింది. ఐసోనియాజిడ్‌ను శరీరం నెమ్మదిగా విరిచేసే తత్వం పుట్టుకతో వచ్చేదనీ, అలాంటివారికి పెద్ద మోతాదులో మందిచ్చినప్పుడు నరాలు ఎక్కువగా దెబ్బతింటాయనీ, కొద్ది మోతాదు పైరిడాక్సిన్ తోడుగా ఇస్తే ఆ హాని రాకుండా చూడవచ్చనీ ఆ పరిశోధనలు చూపాయి. విరుగుడు తెలిసి, రోగి మీద పరీక్షించి, మోతాదు నిర్ణయించి వాడుకలో పెట్టిన ఆ వరుస ఎంతో మెచ్చదగినది.

ఈనాటి ఒక అలవాటుకు మూలం బహుశా అక్కడే ఉంది. నరాల మంట అన్న ప్రతి రోగికీ బీ-కాంప్లెక్స్ బిళ్ళ రాసే ఆచారం పలమనేరు నుంచి శ్రీకాకుళం దాకా ఉంది. ఐసోనియాజిడ్ విషయంలో ఆ విటమిన్‌కు స్పష్టమైన కారణం ఉంది గానీ, క్యాన్సర్ మందుల వల్ల దెబ్బతిన్న నరానికి బీ6 మేలు చేస్తుందనడానికి నిలబడే ఆధారం లేదు. పైగా బీ6ను పెద్ద మోతాదుల్లో నెలల తరబడి మింగితే అదే న్యూరోపతిని తెచ్చిపెడుతుందని 1983లో అమెరికా వైద్యులు నివేదించారు. ఒక జబ్బులో నిరూపితమైన విరుగుడును కారణం వేరైన మరో జబ్బుకు అలాగే అంటగట్టడం వైద్యచరిత్రలో తరచుగా కనిపించే దోషం, రోగికి ధైర్యం కలిగిస్తున్నదన్న పేరుతో దాన్ని మన్నించడం సరికాదు.

క్యాన్సర్ కీమోథెరపీ తొలి అధ్యాయంలో ఒక తెలుగువాడి పేరు చెరగని అక్షరాలతో ఉంది. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1923లో అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావు, లెడర్లీ ప్రయోగశాలల్లో తన బృందంతో ఫోలిక్ ఆమ్లాన్నీ, దానికి ఎదురు నిలిచే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వంటి మందులనూ తయారు చేశాడు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ అమినోప్టెరిన్‌తోనే రక్తక్యాన్సర్ పిల్లల్లో తాత్కాలికంగానైనా రోగం తగ్గుముఖం పట్టడాన్ని 1948లో ప్రకటించాడు. ఆ సంవత్సరమే సుబ్బారావు కన్నుమూశాడు. ఆయన మందుల కుటుంబం నరాల కొసలను పెద్దగా బాధించేది కాదు. ఆ బాధ తెచ్చిన మందు పలమనేరు పెరళ్ళలోనూ సమాధుల పక్కనా నీళ్ళు పోయకపోయినా పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చింది. మడగాస్కర్ నుంచి ప్రపంచమంతా పాకిన ఈ మొక్క ఆకుల్లో కణవిభజనను ఆపే పదార్థాలున్నాయని 1950ల చివరలో కెనడాలోనూ అమెరికాలోనూ కనుగొన్నారు. వాటిలో ఒకటైన విన్‌క్రిస్టిన్ 1963లో అమెరికాలో అనుమతి పొంది, పిల్లల రక్తక్యాన్సర్‌కూ లింఫోమాకూ నేటికీ వాడుకలో ఉంది. కొద్దిపాటి మందు తీయడానికి రాశుల కొద్దీ ఎండుటాకు కావలసి రావడంతో, తమిళనాడు, ఆంధ్ర, కర్ణాటకల మెట్టభూముల్లో ఈ మొక్కను పంటగా వేసి ఆకునూ వేరునూ ఎగుమతి చేసిన రైతులు కూడా ఉన్నారు.

నరం ఎలా దెబ్బతింటుందో తెలిస్తే తక్కిన చరిత్ర సులువుగా అర్థమవుతుంది. వెన్నుపాము పక్కన ఉండే నరకణం నుంచి కాలి బొటనవేలి దాకా సాగే పోగు మూడడుగులకు పైగా పొడవుంటుంది. ఆ పోగు లోపల సన్నని గొట్టాల వంటి నిర్మాణాల వెంట పోషణ పదార్థాలు కొస దాకా ప్రయాణిస్తాయి. కణం రెండుగా చీలడానికి కూడా అవే గొట్టాలు కావాలి కాబట్టి, వాటిని విరగ్గొట్టే విన్‌క్రిస్టిన్, వాటిని కదలకుండా బిగించే పాక్లిటాక్సెల్ క్యాన్సర్ కణంతో పాటు నరపు పోగునూ దెబ్బతీస్తాయి. చెరువు నీరు తగ్గినప్పుడు ఆయకట్టు చివరి మడి ముందుగా ఎండినట్టే, అన్నిటికన్నా పొడవైన నరాల కొసలు, అంటే కాలివేళ్ళు, ఆ పైన చేతివేళ్ళు, ముందుగా తిమ్మిరెక్కుతాయి. 1978లో వాడుకకు వచ్చిన సిస్‌ప్లాటిన్, 2002లో అమెరికా అనుమతించిన ఆక్సాలిప్లాటిన్ మరో తీరున, వెన్నుపాము పక్కనుండే నరకణాలనే నేరుగా దెబ్బతీస్తాయి. పెద్దపేగు క్యాన్సర్‌కు ఇచ్చే ఆక్సాలిప్లాటిన్‌కు ఒక ప్రత్యేక లక్షణం ఉంది, అది చలిని నొప్పిగా మారుస్తుంది: మందెక్కిన కొద్ది రోజులు ఫ్రిజ్ తలుపు పట్టుకున్నా, చల్లని నీళ్ళు గొంతు దిగినా కరెంటు షాక్ కొట్టినట్టవుతుంది. ఒకప్పుడు ఆరోగ్యం ప్రసాదిస్తుందని పేరు పొందిన పలమనేరు మార్గశిర, పుష్య మాసాల చలి ఇలాంటి రోగికి శత్రువవుతుంది.

ఈ బాధ బరువును ఆసుపత్రి కాగితం మీది అంకె చెప్పలేదు, రోగి చేసే పనిలోనే అది తెలుస్తుంది. పలమనేరు చుట్టూ మల్బరీ తోటలున్నాయి, పట్టుపురుగుల షెడ్లున్నాయి. పండిన పురుగు గూడు కట్టడానికి సిద్ధమైందో లేదో దాని రంగునూ మెత్తదనాన్నీ బట్టి గుర్తించి, నలిగిపోకుండా రెండు వేళ్ళతో తీసి వెదురు చంద్రిక మీద వదిలే పని స్త్రీలది. చూపుడువేలి కొసకు స్పర్శ పోయిన మనిషి పురుగును పట్టుకున్నానో నలిపేశానో తెలియక ఆ పనికి దూరమవుతుంది. టమాటా తోటలో మొక్కను ఊతకర్రకు పురికొసతో కట్టడం, కాయను నొక్కకుండా తుంచి క్రేటులో సర్దడం కూడా వేలికొసల పనులే. పొలం గట్టు మీద చెప్పు జారిపోయినా తెలియని కాలు, రాత్రి దుప్పటి అంచు తాకితే మాత్రం భగ్గుమంటుంది. ఇటు కన్నడ సరిహద్దు పల్లెల్లో జోము పట్టడమనీ, అటు చిత్తూరు వైపు తిమ్మిరి, మంటలనీ చెప్పుకునే ఈ లక్షణం నిద్రను తినేస్తుంది. క్యాన్సర్ తగ్గిందన్న సంతోషంలో ఇంటిల్లిపాదీ ఉన్నప్పుడు, ఆ మంట గురించి ఎత్తితే కృతఘ్నత అనుకుంటారేమోనని మౌనంగా భరించేవారు కోకొల్లలు.

ఈ నొప్పికి కుంగుబాటు మందులు ఎలా చేరువయ్యాయన్నది కథలో కీలక ఘట్టం. ఇమిప్రమిన్‌ను దీర్ఘకాలపు నొప్పులకు ఇచ్చి చూసిన ఫ్రెంచ్ వైద్యులు 1960లోనే మంచి ఫలితం నివేదించారు. దానికి ఆ రోజుల్లో అందరికీ తోచిన వివరణ తేలికైనది: నొప్పితో బాధపడేవాడు కుంగిపోతాడు, కుంగుబాటు తగ్గితే నొప్పిని ఓర్చుకుంటాడు. ఈ వివరణ తప్పని తేల్చడానికి పాతికేళ్ళకు పైగా పట్టింది. 1982లో కెనడా వైద్యులు సర్పి తగ్గాక మిగిలే నరాల నొప్పి మీద అమిట్రిప్టిలిన్ పనిచేయడాన్ని చూపారు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన మిచెల్ మాక్స్ బృందం 1987లో మధుమేహ న్యూరోపతి రోగుల మీద జరిపిన పరిశీలనలో, కుంగుబాటు ఉన్నవారికీ, మనసు నిబ్బరంగా ఉన్నవారికీ అమిట్రిప్టిలిన్ నొప్పిని తగ్గించింది. అంటే ఈ మందు నొప్పిని తగ్గించడానికి మనసు గుండా పోనక్కరలేదు. మెదడు నుంచి వెన్నుపాముకు దిగివచ్చి, అక్కడ నొప్పి సందేశాలను తొక్కిపట్టే నరమార్గాలు సహజంగానే మనిషిలో ఉన్నాయి, అవి నార్‌అడ్రినలిన్, సెరటోనిన్‌ల సాయంతో పనిచేస్తాయి; నరకణాలు ఆ పదార్థాలను వెంటనే తిరిగి పీల్చుకోకుండా ఈ మందులు అడ్డుకోవడం వల్ల ఆ తొక్కిపట్టే శక్తి పెరుగుతుంది. నార్‌అడ్రినలిన్ మీద పనిచేయని కుంగుబాటు మందులు నరాల నొప్పికి అంతగా అక్కరకు రాకపోవడం కూడా ఈ వివరణను బలపరుస్తుంది.

పలమనేరు వంటి చోట్ల ఈ శాస్త్రవిషయానికి ఒక సామాజిక విలువ ఉంది. మందుల షాపులో చీటీ చూసిన కుర్రవాడు ఇది డిప్రెషన్ మాత్ర అన్నాడనో, పక్కింటివారు పిచ్చిమందు అన్నారనో, రెండు మూడు రోజులకే మానేసే రోగులుంటారు. పెళ్ళి కావలసిన కూతురున్న ఇంట్లో ఆ మాట పొక్కడం భరించలేక మాత్రల అట్టను దాచే తల్లులుంటారు. తన నొప్పి నిజం కాదని వైద్యుడు అనుమానిస్తున్నాడన్న గాయం వీటన్నిటికన్నా లోతైనది. ఒక మందు మొదట ఏ జబ్బుకు అమ్ముడైందో ఆ జబ్బు పేరే దానికి జీవితాంతం అంటుకోవడం చరిత్ర చేసిన పని, ఔషధ స్వభావం కాదు. క్షయ వార్డు నుంచి మొదలైన వరుసకు చెందిన ఈ మందులను క్షయ మాత్రలని ఎవరూ అనడం లేదు కదా. కుంగుబాటుకు మందు వాడటంలో సిగ్గుపడవలసిందేమీ లేదన్నది వేరే చెప్పనక్కరలేదు.

ఇతర నరాల నొప్పులకు పనిచేసిన మందు కీమో నొప్పికీ పనిచేస్తుందని అనుకోవడం సహజం, కానీ పరీక్షలో ఆ ఊహ సగమే నెగ్గింది. సిస్‌ప్లాటిన్ రోగులకు నార్‌ట్రిప్టిలిన్ అనే మరో ట్రైసైక్లిక్‌ను ఇచ్చి 2002లో ప్రకటించిన అమెరికా పరిశీలనలోనూ, అమిట్రిప్టిలిన్‌తో 44 మంది మీద జరిపి 2008లో ప్రకటించిన ఫిన్లాండ్ పరిశీలనలోనూ మాత్రకూ, మందులేని ఉత్తి మాత్రకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వెన్లాఫాక్సిన్ అనే మరో కుంగుబాటు మందు ఆక్సాలిప్లాటిన్ రోగులకు మేలు చేసినట్టు 2012లో ఫ్రాన్స్ నుంచి ఒక నివేదిక వచ్చినా, అందులో ఉన్నది 48 మందే. గట్టి ఆధారం డులోక్సెటిన్‌కు దొరికింది. సెరటోనిన్, నార్‌అడ్రినలిన్ రెండింటి మీదా పనిచేసే ఈ మందు 2004లో అమెరికాలో కుంగుబాటుకూ, మధుమేహ నరాల నొప్పికీ నెల తేడాతో అనుమతి పొందింది. ఎలెన్ లావోయ్ స్మిత్ నాయకత్వంలో 231 మంది క్యాన్సర్ రోగుల మీద జరిపి 2013లో ప్రచురించిన పరిశీలనలో, మొదటి వారం రోజుకు 30 మిల్లీగ్రాములు, ఆ తరువాత నాలుగు వారాలు 60 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడు, డులోక్సెటిన్ తీసుకున్నవారిలో 59 శాతం మంది నొప్పి ఎంతో కొంత తగ్గిందన్నారు. ఉత్తి మాత్ర తీసుకున్నవారిలో ఆ మాట అన్నది 38 శాతం. పది అంకెల కొలబద్ద మీద డులోక్సెటిన్ తీసుకున్నవారికి సగటున తగ్గింది ఒక అంకె మాత్రమే. పాక్లిటాక్సెల్ వంటి మందుల వల్ల నొప్పి వచ్చినవారికన్నా ఆక్సాలిప్లాటిన్ రోగులకు మేలు ఎక్కువగా ఉన్నట్టు కూడా కనిపించింది.

ఈ అంకెలను ఉన్నవున్నట్టు చదవడం అవసరం. ఉత్తి మాత్రతోనే 38 శాతం మందికి నొప్పి తగ్గిందంటే, ఈ నొప్పి కాలంతో కొంత, నమ్మకంతో కొంత తగ్గే స్వభావం కలదని అర్థం. మిగిలిన తేడా చిన్నదే అయినా నిజమైనది, రాత్రి నిద్ర లేనివాడికి ఆ ఒక్క అంకె చిన్నదేమీ కాదు. అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ, 2020లో వాటిని సవరించినప్పుడూ, ఇప్పటికే వచ్చిన కీమో నరాల నొప్పికి డులోక్సెటిన్ ఒక్కదాన్నే సూచించింది, నొప్పి రాకుండా ముందుగా వేసుకోదగిన మందు ఏదీ లేదంది. నరాల బలానికని అమ్మే అసిటైల్ కార్నిటిన్‌ను పాక్లిటాక్సెల్ వంటి మందులతో పాటు ఇస్తే న్యూరోపతి తగ్గకపోగా పెరిగిందని 2013లో తేలింది కాబట్టి, బలం మాత్రలను వైద్యుడితో చెప్పకుండా వాడటం ఎంత ప్రమాదమో ఊహించవచ్చు.

డులోక్సెటిన్‌కూ జాగ్రత్తలున్నాయి. వికారం, నోరెండటం, మగత, మలబద్ధకం మొదటి వారాల్లో సాధారణం. కాలేయ జబ్బున్నవారికి ఇది తగదు. మానవలసి వచ్చినప్పుడు ఒక్కసారిగా కాక మోతాదు తగ్గించుకుంటూ రావాలి. రొమ్ము క్యాన్సర్ స్త్రీల విషయంలో మరో మెలిక ఉంది: వారిలో చాలామంది ఏళ్ళ తరబడి వాడే టమాక్సిఫెన్‌ను శరీరం ఒక కాలేయ ఎంజైము ద్వారానే అసలు పనిచేసే రూపానికి మారుస్తుంది, డులోక్సెటిన్ ఆ ఎంజైమును కొంత అణచివేస్తుంది. అందుకే వేలూరులో క్యాన్సర్ మందు, పలమనేరులో నొప్పి మాత్ర, బెంగళూరులో షుగరు మందు విడివిడిగా రాయించుకునే రోగి అన్ని చీటీలనూ ఒకే వైద్యుడి ముందు పెట్టడం తప్పనిసరి.

ఆ ప్రయాణాల పటం కూడా కాలంతో మారింది. ముత్తులక్ష్మి రెడ్డి కృషితో 1954లో వెలసిన అడయారు క్యాన్సర్ సంస్థ, 1973లో మొదలైన బెంగళూరు కిద్వాయ్ సంస్థ, వేలూరు ఆసుపత్రి చాలాకాలం ఈ సీమ క్యాన్సర్ రోగులకు దిక్కు. ఘాట్ దిగి తూర్పుకో, చదునుగా సాగే రోడ్డు మీద పడమటికో ప్రతి మూడు వారాలకూ వెళ్ళి మందెక్కించుకుని అదే రాత్రి బస్సులో తిరిగి రావడం వారి నిత్యకృత్యం. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి, 2022లో అక్కడే టాటా ట్రస్టుల ఆధ్వర్యంలో తెరుచుకున్న శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి ఆ భారాన్ని కొంత తగ్గించాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకు కీమోథెరపీ ఖర్చును చాలావరకు తీర్చింది. అయితే చికిత్స ముగిశాక మిగిలే నరాల మంట ఏ ప్యాకేజీలోనూ సరిగ్గా ఇమడదు. కీమో మధ్యలో ఉన్న రోగి తన తిమ్మిరిని సకాలంలో చెబితే వైద్యుడు మందు మోతాదు తగ్గించగలడు, వాయిదా వేయగలడు, వేరే మందుకు మార్చగలడు; నరాన్ని కాపాడటానికి నేటికీ ఇంతకన్నా నమ్మదగిన మార్గం లేదు, అది రోగి నోరు విప్పడం మీదా, వైద్యుడు అడగడం మీదా ఆధారపడి ఉంది.

కుంగుబాటు మందు మంటను తగ్గించగలదు గానీ పోయిన స్పర్శను తేలేదు. ఆ లోటుకు తగిన జ్ఞానం మాత్రం పలమనేరు రోగి వెళ్ళే దారిలోనే, వేలూరులోనూ దాని పక్కనున్న కరిగిరిలోనూ పుట్టింది. 1946లో వేలూరుకు వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్, కుష్ఠురోగుల వేళ్ళూ పాదాలూ కరిగిపోవడానికి రోగం ఒక్కటే కారణం కాదనీ, నొప్పి తెలియని కాలు రాయిని, ముల్లును, కాలిన నేలను గమనించకుండా తొక్కుతూ పుండ్లు పడటం వల్లే చాలా నష్టం జరుగుతున్నదనీ గుర్తించాడు. 1955లో కరిగిరిలో నెలకొన్న షిఫెలిన్ కుష్ఠు పరిశోధన కేంద్రంలోనూ వేలూరులోనూ ఆయనా ఆయన సహచరులూ మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరు అడుగుతో చెప్పులు రూపొందించి, రోజూ పాదం అడుగు భాగాన్ని కంటితో చూసుకోవడం, నీటి వేడిని మోచేతితో పరీక్షించుకోవడం, చెప్పు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి తడుముకోవడం రోగులకు నేర్పారు. ఎమ్‌సీఆర్ చెప్పులుగా పేరుపడ్డ ఆ పాదరక్షలను ఇప్పుడు మధుమేహ రోగులకు విరివిగా ఇస్తున్నారు. కీమో వల్ల కాళ్ళు మొద్దుబారిన రైతుకూ, పట్టు షెడ్డులో రోజంతా నిలబడే స్త్రీకీ అవే చెప్పులు, అవే అలవాట్లు డులోక్సెటిన్ చీటీతో పాటు రాసి ఇవ్వదగినవి.